కటకటాల మంచమా, చీర ఉయ్యాలా?

ప్రశ్న

పొదిలి దగ్గర పుట్టిల్లు, కావలి పక్క పల్లెలో మెట్టినిల్లు ఉన్న ఒక తల్లి రాసిన ఉత్తరమిది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకిది తొలి కాన్పు. బాబుకు మూడో నెల నడుస్తోంది. ప్రస్తుతం పుట్టింట్లోనే ఉన్నారు, ఐదో నెలలో అత్తగారింటికి వెళ్ళాలి. భర్త ఉద్యోగం బెంగళూరులో. ఆయన అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో ఒక చెక్క క్రిబ్, అంటే చుట్టూ కడ్డీలుండే పసిపిల్లల మంచం, బుక్ చేసి పొదిలికి పంపించారు. దాంతోపాటే చుట్టూ కట్టే మెత్తటి బంపరు, చిన్న దిండు, రెండు పక్కదిండ్లు, దూది దుప్పటి, ఒక కుందేలు బొమ్మ వచ్చాయి. "అన్నీ సర్ది ఫోటో తీస్తే చాలా బాగుంది. కానీ బాబును అందులో పడుకోబెడితే ఐదు నిమిషాలు ఉండడు. ఉయ్యాలలో వేస్తే రెండు గంటలు కదలడు" అని రాశారు.

వాళ్ళమ్మగారు బాబును బోర్లా పడుకోబెడతారు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని ఆవిడ భయం. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. ఎండాకాలమైనా చెవులకు గాలి తగలకూడదని టోపీ తీయనివ్వరు. అత్తగారు బారసాలకు వచ్చినప్పుడు తన పాత వెంకటగిరి చీర తెచ్చి ఉయ్యాల కట్టించారు. క్రిబ్ చూసి, "మా ఇంట్లో పిలకాయలంతా ఉయ్యాల్లోనే పెరిగారు. పసిబిడ్డను కటకటాల మంచంలో పడేస్తారా?" అన్నారట. కావలిలో వాళ్ళింట్లో దూలానికి కొక్కెం కూడా బిగించి ఉంచారు. భర్తేమో రోజూ ఫోన్ చేసి, క్రిబ్‌లోనే పడుకోబెడుతున్నావా అని అడుగుతారు.

రాత్రిళ్ళు మాత్రం బాబు ఆమె పక్కనే మంచం మీద పడుకుంటాడు. పోయిన నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోతకు మెలకువ వచ్చి చూస్తే, బొంత బాబు ముక్కు మీదికి వచ్చి ఉంది. జుట్టంతా చెమటతో తడిసిపోయింది. బాబుకేమీ కాలేదు. "ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. గంటకోసారి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నాను. ఎవరి మాట వినాలి? ఎవరి మనసూ నొప్పించకుండా బాబును ఎక్కడ పడుకోబెట్టాలి? నాకేమైనా పిచ్చి పడుతోందా?" అని అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. మీకు పిచ్చేమీ పట్టలేదు. ఆ రాత్రి మీరు చూసింది నిజమైన ప్రమాదమే. మూడో నెల బిడ్డ ముఖం మీద పడ్డ బట్టను తనంతట తాను లాగేసుకోలేడు. కాబట్టి మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ ప్రమాదం దేనివల్ల వచ్చిందో చూడండి. బొంత వల్ల వచ్చింది. అదే బొంత క్రిబ్‌లో ఉంటే అక్కడా వచ్చేది, ఉయ్యాలలో ఉంటే అక్కడా వచ్చేది. మీ ఇంట్లో అందరూ బాబు ఎక్కడ పడుకోవాలనే దాని మీదే పట్టుపడుతున్నారు. బాబు వెల్లకిలా ఉన్నాడా, కింద పరుపు గట్టిగా, సమంగా ఉందా, చుట్టూ ఏమీ లేకుండా ఖాళీగా ఉందా అన్నవి అంతకంటే ముందు చూసుకోవాలి. ఈ మూడూ కుదిరితే వెయ్యి రూపాయల పక్క మీదైనా బిడ్డ క్షేమంగా నిద్రపోతాడు. కుదరకపోతే ఎంత ఖరీదైన క్రిబ్ అయినా ఉపయోగం లేదు.

ఏడాది లోపు పిల్లలు కారణం తేలకుండా నిద్రలో చనిపోవడం అరుదే గాని, జరుగుతుంది. రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఈ ముప్పు ఎక్కువ, ఆరు నెలలు దాటాక బాగా తగ్గిపోతుంది. మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు. ఈ కొద్ది నెలలు మీరు కాస్త పట్టుదలగా ఉన్నా ఎవరూ తప్పు పట్టకూడదు.

మీ అమ్మగారి భయం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికంటే ముందు మారాల్సింది ఆ బోర్లా పడక. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, అన్నవాహిక దాని కింద ఉంటుంది. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా వేస్తే ఇదంతా తిరగబడుతుంది. అన్నవాహిక పైకి, గాలిగొట్టం కిందికి వస్తాయి. పైకి తన్నిన పాలు నేరుగా గాలిగొట్టం మూతి దగ్గరికే చేరతాయి. అంటే అమ్మగారు దేనికి భయపడి బోర్లా వేస్తున్నారో, ఆ ముప్పు బోర్లా వేస్తేనే ఎక్కువ. ఆవిడకు ఇది ఒకసారి మీ చేతి మీదే చూపించి చెప్పండి. రెండు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి, చెయ్యి తిప్పి చూపిస్తే చాలు, అర్థమైపోతుంది.

"బోర్లా వేస్తేనే బాగా నిద్రపోతాడు" అని కూడా ఆవిడ అంటారు. నిజమే, నిద్ర గాఢంగా పడుతుంది. ఇబ్బందీ అక్కడే ఉంది. ఊపిరి సరిగా ఆడనప్పుడు బిడ్డ కదిలి, ఏడ్చి, మేలుకోవాలి. బోర్లా పడుకున్న పిల్లలు అంత తేలిగ్గా మేలుకోలేరు. వెల్లకిలా ఉన్న బిడ్డ ఉలిక్కిపడి చేతులు విదిలించి లేస్తుంటాడు. పెద్దవాళ్ళకు అది చికాకుగా ఉంటుంది గాని, బిడ్డకు మంచిదే. ఆ ఉలికిపాటు నాలుగైదు నెలలకు దానంతటదే తగ్గుతుంది. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 1992లో పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994 నుంచి దేశమంతా దాని మీద ప్రచారం చేశారు. తర్వాతి పదేళ్ళలో నిద్రలో జరిగే ఈ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. కొత్త మందేమీ రాలేదు. ముఖ్యంగా మారింది పిల్లలను పడుకోబెట్టే తీరే. పక్కకు తిప్పి పడుకోబెట్టడం కూడా వద్దు, అక్కడి నుంచి బోర్లా పడటం చాలా సులువు.

పాలు తాగాక పది పదిహేను నిమిషాలు భుజాన వేసుకుని, వీపు నిమిరి, తేన్పు వచ్చాక పడుకోబెట్టండి. తల కింద ఎత్తు పెట్టవద్దు. మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి ఇరుకవుతుంది. ఆవాల దిండు కూడా అందుకే వద్దంటున్నాను. తల గుండ్రంగా రావాలంటే వేరే దారి ఉంది. ఒక రోజు తల కుడి పక్కకు, ఇంకో రోజు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం కాసేపు బోర్లా వేయాలి. అమ్మగారు నూనె రాసి, కాళ్ళు బారజాపుకుని, వాటి మీద బోర్లా వేసుకుని వీపు రుద్దుతారు కదా, ఆ బోర్లా చాలా మంచిది. బిడ్డ మెలకువగా ఉంటాడు, అమ్మమ్మ చెయ్యి మీద ఉంటుంది, మెడకు బలం వస్తుంది. అమ్మగారికి బోర్లా మొత్తం మానమని చెప్పక్కర్లేదు. స్నానం వేళకు, ఆట వేళకు ఉంచుకుని, నిద్ర వేళకు మానేస్తే చాలు.

ఇంకో మాట. చేతులు కలిపి పొత్తిళ్ళు బిగించి చుట్టే అలవాటుంటే ఇప్పుడే మానండి. బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారు మనవాళ్ళు. ఆ బొబ్బట్ల రోజు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ నిద్రలో బోర్లా పడితే తల ఎత్తుకోలేడు. మీరు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి. అటూ ఇటూ రెండు వైపులా బాగా దొర్లడం వచ్చాక, నిద్రలో వాడే బోర్లా తిరిగితే అలాగే వదిలేయవచ్చు.

ఇక క్రిబ్. మీవారు పంపిన వస్తువు మంచిదే. దాంతో వచ్చిన అలంకారమే మంచిది కాదు. బంపరు, దిండు, పక్కదిండ్లు, దుప్పటి, కుందేలు బొమ్మ అన్నీ తీసి అటక మీద పెట్టేయండి. బంపరు తీస్తే తల కడ్డీలకు తగులుతుందని మీకు అనిపిస్తుంది. ఈ వయసు బిడ్డ కడ్డీకి తల తగిలించుకుంటే ఏడుస్తాడు, అంతే. మెత్తటి బంపరులో ముఖం దూరిపోతే ఏడవడానికి కూడా ఊపిరి ఉండదు. అమెరికాలో 2022లో చట్టం చేసి ఈ బంపర్ల అమ్మకాన్నే నిషేధించారు. మన దగ్గర ఇంకా సెట్టుగా కట్టి అమ్ముతున్నారు, తల్లిదండ్రులు ప్రేమగా కొంటున్నారు.

అన్నీ తీసేశాక ఒక స్కేలు తీసుకుని కడ్డీల మధ్య సందు కొలవండి. ఆరు సెంటీమీటర్లకు మించకూడదు. పరుపుకూ చెక్కకూ మధ్య రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంటే ఆ పరుపు మార్చాలి. పరుపు మీద అరచేతితో గట్టిగా నొక్కి తీయండి. గుంట అలాగే నిలిచిపోతే అది బిడ్డకు పనికిరాదు. కొబ్బరి పీచు పరుపు సరిగ్గా ఆ కొలతకు కుట్టించుకుంటే సరిపోతుంది. క్రిబ్ చక్రాలకు లాకు వేసి, మీ మంచం పక్కనే ఉంచండి. కిటికీ తెర తాళ్ళు, కూలర్ వైరు, ఫోన్ చార్జరు చెయ్యి చాపినా అందని దూరంలో ఉండాలి. బాబు మెడలో నల్లపూసలో, దిష్టితాడో ఉంటే నిద్రకు ముందు తీసేయండి. మొలతాడు ఫరవాలేదు.

అయినా క్రిబ్‌లో ఏడుస్తాడు కదా అంటారు. మూడు నెలలు ఒడిలో, ఉయ్యాలలో పడుకున్న బిడ్డ ఏడవక ఏం చేస్తాడు? రాత్రితో మొదలుపెట్టకండి, అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. పగటి నిద్రల్లో ఒకటి, పొద్దున స్నానం చేయించాక వచ్చే మత్తు నిద్ర అయితే మంచిది, దాన్ని క్రిబ్‌లో మొదలుపెట్టండి. కళ్ళు పూర్తిగా మూతపడకముందే పడుకోబెట్టండి. ముందు కాళ్ళు, నడుము ఆనాలి, తర్వాత వీపు, చివరికి తల. అప్పుడు ఉలికిపాటు తక్కువ. ఛాతీ మీద అరచెయ్యి ఉంచి, నోటికొచ్చిన జోలపాట పాడండి. ఏడుపు పెరిగితే ఎత్తుకోండి, తప్పేం లేదు, మర్నాడు మళ్ళీ చూడవచ్చు. అత్తగారి వెంకటగిరి చీరను రెండు మడతలు వేసి, పరుపు మీద బిగుతుగా పరిచి, అంచులు పరుపు కిందికి బాగా దోపండి. నేత చీర కాబట్టి చెమట పీలుస్తుంది, బాబుకు అలవాటైన స్పర్శ అదే, అత్తగారు చీర పెట్టె అడుగుకు పోయిందని బాధపడరు. ఎక్కడా వదులుగా మాత్రం ఉండకూడదు.

ఉయ్యాల విషయంలో అత్తగారి మాటను తీసిపారేయకండి. మట్టి నేలల మీద చీమలు, తేళ్ళు తిరిగే ఇళ్ళలో, తల్లి పొలానికి వెళ్ళక తప్పని రోజుల్లో చీర ఉయ్యాల ఎందరో బిడ్డలను కాచింది. కింద నుంచి గాలి ఆడుతుంది, ఊపితే నిద్ర పడుతుంది. అయితే "మా ఇంట్లో అందరూ అలాగే పెరిగారు" అన్నప్పుడు పెరిగినవాళ్ళే లెక్కలోకి వస్తారు. నిద్రలో పోయిన పసిబిడ్డను దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అనుకుని ఏడ్చి ఊరుకున్న ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఈ మాట అత్తగారితో వాదనగా అనకండి, మీరు గుర్తుపెట్టుకోండి చాలు.

చీర ఉయ్యాలలో బిడ్డ విల్లులా వంగి పడుకుంటాడు. గడ్డం ఛాతీకి ఆనుతుంది. బట్ట రెండు వైపుల నుంచీ మూసుకుని ముఖానికి తగలవచ్చు, బయటి నుంచి చూస్తే ముఖం కనబడదు. ముడి జారడం, కొక్కెం ఊడటం లాంటివి వేరే. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. రాత్రి నిద్రకు ఉయ్యాల వద్దు. పగలు ఏడుపు మానిపించడానికి, పక్కన ఒక మనిషి కూర్చుని చూస్తున్నంతసేపు వాడుకోవచ్చు. అప్పుడు కూడా ఉయ్యాల బట్ట మూసుకోకుండా తెరిచి ఉంచే కర్ర పెట్టాలి, ముక్కు, నోరు, గడ్డం కనబడుతూ ఉండాలి. నిద్ర పట్టాక తీసి సమంగా ఉన్న పక్క మీదికి మార్చాలి. సగంసార్లు లేచిపోతాడు, ఆ కష్టం ఉంటుంది. దొర్లడం మొదలయ్యాక పగలు కూడా మానేయాలి.

మరి రాత్రికి ఏం చేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి. ఖాళీ చేసిన క్రిబ్‌ను మీ మంచానికి ఆనుకుని పెట్టుకోవడం ఒకటి. బిడ్డ మీ గదిలో, మీ చెయ్యందే దూరంలో, వేరే పక్క మీద ఉంటాడు. కనీసం ఆరు నెలల వరకు ఇదే అన్నిటికంటే మేలని పిల్లల డాక్టర్లు చెప్తారు. పాలకు మీరు లేచి కూర్చోవాలి, అంత శ్రమ ఉంది. రెండోది నేల పక్క. మీరు ఒక పరుపు మీద, పక్కనే చాప మీద పలచటి గట్టి పరుపు వేసి బాబు. కింద పడే భయం లేదు, కావలి వెళ్ళినా క్రిబ్ మోసుకెళ్ళక్కర్లేదు, అత్తగారికీ కటకటాలు కనబడవు. చీమలు, పురుగుల కోసం గొడుగులా తెరుచుకునే దోమతెర వేసుకోండి. దాంతో వచ్చే మెత్తటి పరుపు, దిండు తీసేసి తెర మాత్రమే వాడండి, అది ముఖానికి తగలకుండా బిగుతుగా నిలబడాలి. మీ ఇంటి పరిస్థితికి నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మూడోది ఇప్పుడు మీరు చేస్తున్నదే, ఒకే మంచం. మన ఇళ్ళలో చాలామంది తల్లులు ఇలాగే పడుకుంటారు, పాలివ్వడం సులువు కూడా. కానీ పెద్దవాళ్ళ పరుపు మెత్తగా ఉంటుంది, దిండ్లు, దుప్పట్లు ఉంటాయి, మంచానికీ గోడకూ మధ్య సందు ఉంటుంది. పాలిస్తూ నిద్ర పట్టేసే రాత్రులు ఎలాగూ వస్తాయి కాబట్టి మంచం మీద బొంత, అదనపు దిండ్లు లేకుండా చూసుకోండి. మెలకువ రాగానే బాబును వాడి పక్క మీదికి మార్చండి. సోఫాలోనో వాలుకుర్చీలోనో కూర్చుని పాలిస్తూ కునుకు తీయడం మంచం కంటే ప్రమాదం. మంచం మీద పడుకునేవాళ్ళలో ఎవరైనా సిగరెట్, బీడీ తాగినా, మందు తాగినా, నిద్రమాత్రలు వేసుకున్నా బిడ్డ ఆ మంచం మీద అసలు ఉండకూడదు. మీవారు సెలవుకు వచ్చినప్పుడు కూడా ఇది వర్తిస్తుంది.

మన జిల్లాల ఎండ గురించి వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో పెద్దవాళ్ళే విలవిల్లాడే గదిలో పసిబిడ్డకు టోపీ, సాక్సులు, దుప్పటి వేస్తే ఒంట్లో వేడి పోవడానికి దారి ఉండదు. పిల్లల ఒంట్లో వేడి తల నుంచి కూడా బాగా పోతుంది. ఒళ్ళు మితిమీరి వేడెక్కడం కూడా నిద్రలో ముప్పును పెంచుతుంది. పలచటి నూలు జుబ్బా ఒకటి చాలు. చేతులు, కాళ్ళు పట్టుకుని చల్లగా ఉన్నాయని కంగారు పడకండి, పసిపిల్లలకు అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక వేళ్ళు పెట్టి చూడండి. అక్కడ చెమట తగిలితే ఒక బట్ట తగ్గించాలి. ఫ్యాను వేయవచ్చు, కూలరు గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా ఉంటే చాలు. కరెంటు పోతే తలుపులు తీసి వసారాలోకి మార్చండి, తెర మాత్రం మరవకండి. తలుపులు మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించడం, స్నానం చేయించాక సాంబ్రాణి పొగ బిడ్డకు పట్టడం రెండూ ఆపేయాలి. సాంబ్రాణి మీ జుట్టుకు వేసుకోండి, బాబుకు వద్దు.

ఇవన్నీ ఇంట్లో ఎలా చెప్పాలన్నది మీకు అన్నిటికంటే కష్టమైన భాగం. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒకటి కనిపించింది. అమ్మగారికి పాల భయం, అత్తగారికి బిడ్డ ఒంటరిగా పడి ఉంటాడనే బాధ, మీవారికి దూరంగా ఉన్నాననే బెంగ. ముగ్గురూ తమ మాటను మీ చేతనే ఇంకొకరికి చెప్పిస్తున్నారు. మీరు మోయలేని బరువు అది. మీవారు రోజూ మిమ్మల్ని లెక్క అడిగే బదులు, వాళ్ళమ్మగారికి తానే ఫోన్ చేసి మాట్లాడాలి. కొడుకు చెప్తే అత్తగారు నొచ్చుకున్నా కాసేపటికి మరచిపోతారు, అదే మాట కోడలు చెప్తే ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. పద్నాలుగో వారం టీకాలు దగ్గరపడుతున్నాయి. అత్తగారిని ఆ రోజుకు పిలిపించి, ఇద్దరు పెద్దవాళ్ళనూ వెంట తీసుకెళ్ళండి. వాళ్ళ ఎదుటే డాక్టరును అడగండి, వెల్లకిలా వేయాలా, బోర్లానా, రాత్రి ఉయ్యాల ఫరవాలేదా అని. మూడో నెల నిండాక ఆశా కార్యకర్త ఇంటికి వస్తారు, ఆవిడతోనూ అదే మాట ఒకసారి చెప్పించండి. ఊరి మనిషి మాట పెద్దవాళ్ళు వింటారు.

మీ నిద్ర సంగతి. చిన్నపిల్లలు నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆపి, మళ్ళీ గబగబా పీల్చుకోవడం మామూలే. మీరు వేలు పెట్టినప్పుడల్లా గుండె ఆగినంత పనయ్యేది బహుశా ఆ సెకన్లలోనే. 20 సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా, డొక్కలు లోపలికి లాగేస్తున్నా మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. పాలిచ్చాక రాత్రి మొదటి జాములో బాబును అమ్మగారికి అప్పగించి, మూడు నాలుగు గంటలు మీరు వేరే గదిలో పడుకోండి. పక్క సురక్షితంగా సర్దుకున్నాక కూడా, ఇంకొకరు చూసుకుంటున్నా కూడా మీకు నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపు వస్తుంటే, అది కాన్పు తర్వాత కొందరు తల్లులకు వచ్చే ఆందోళన కావచ్చు. దానికి వైద్యం ఉంది. డాక్టరుతో చెప్పండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులేమీ తీసుకోరు.

ఉత్తరంలో బాబు పుట్టినప్పటి బరువు రాయలేదు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు రెండున్నర కిలోలకు తక్కువ ఉన్నా పైన చెప్పిన మూడో దారి, అంటే ఒకే మంచం, మీకు లేనట్టే. క్రిబ్, నేల పక్క, ఈ రెండింటిలో మీకు ఏది వీలైతే అది ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి.